క్రోమ్ ఫోల్డర్‌ను డిలీట్ చేసే ముందు: విండోస్, మ్యాక్, లైనక్స్‌లో బ్రౌజర్ క్యాష్ ఎక్కడుందో కనుక్కొని, జాగ్రత్తగా ఖాళీ చేయడం ఎలా?

రెండేళ్ల క్రితం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, క్రోమ్‌లో పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు అన్నీ పోయాయి" అన్నాడు. గొంతు వణుకుతోంది. ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ నిండిపోయిందని, ఎక్కడో చూసిన సలహా ప్రకారం క్రోమ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశాడు.

విచిత్రం ఏమిటంటే ఆ సలహా తప్పు కాదు. అది మ్యాక్ వాడేవాళ్ల కోసం చెప్పింది. మ్యాక్‌లో క్యాషెస్ అనే ఫోల్డర్ లోపల ఉండే క్రోమ్ ఫోల్డర్‌ను మొత్తంగా తీసేసినా ఒక్క పాస్‌వర్డ్ పోదు. వాడిది విండోస్. అక్కడ క్రోమ్ ఫోల్డర్ అంటే క్యాష్ (పేజీలు త్వరగా తెరుచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే కాపీలు) ఒక్కటే కాదు, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, హిస్టరీ అన్నీ అందులోనే ఉంటాయి. గూగుల్ అకౌంట్‌తో సింక్ పెట్టుకోలేదు కాబట్టి ఏదీ తిరిగి రాలేదు.

అప్పటి నుంచి ఎవరైనా "క్యాష్ క్లియర్ చేయాలి" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మీది ఏ ఆపరేటింగ్ సిస్టమ్? బ్రౌజర్ పేరు ఒకటే అయినా, క్యాష్‌ను ఎక్కడ పెట్టాలి, ఏ రూపంలో పెట్టాలి, డిలీట్ చేస్తే ఏం జరుగుతుంది అన్నవి ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటాయి. మీ కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అడుగూ చేసి చూస్తూ చదవండి. మొదటి మూడు అడుగుల్లో మనం దేన్నీ డిలీట్ చేయం. చూడటం, కొలవడం మాత్రమే.

క్యాష్ వేరు, ప్రొఫైల్ వేరు

మీరు ఒక న్యూస్ సైట్ తెరిచారనుకోండి. ఆ పేజీ లోగో, ఫాంట్లు, డిజైన్ ఫైళ్లు, స్క్రిప్టులు ప్రతిసారీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవడం దండగ కాబట్టి బ్రౌజర్ వాటి కాపీలను డిస్క్‌లో పెట్టుకుంటుంది. అదే డిస్క్ క్యాష్. ఆ కాపీని ఎంతకాలం వాడుకోవచ్చో సర్వరే చెబుతుంది. గడువు దాటితే బ్రౌజర్ "ఇది మారిందా?" అని అడుగుతుంది. మారలేదంటే సర్వర్ 304 అనే చిన్న జవాబు పంపుతుంది, పాత కాపీయే మళ్లీ వాడుకలోకి వస్తుంది. కాబట్టి క్యాష్ మొత్తం పోయినా మీకు నష్టం ఏమీ లేదు. తర్వాత కాసేపు పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటాయి, కొంచెం డేటా ఖర్చవుతుంది, అంతే.

ప్రొఫైల్ అలా కాదు. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు (సైట్లు మీ లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న డేటా), హిస్టరీ, ఎక్స్‌టెన్షన్లు ఉండేది అక్కడ. అది పోతే పోయినట్టే.

మూడోది ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని క్యాష్ అనే అనుకుంటారు. వెబ్‌సైట్లు తమ సొంతానికి దాచుకునే డేటా అది. వెబ్‌లో వాడే మెసేజింగ్ యాప్‌లు, మ్యాప్‌లు, ఆఫ్‌లైన్‌లో కూడా పనిచేసే పేజీలు దీన్ని బాగా వాడతాయి. దీని పేరు క్యాష్ స్టోరేజ్ అని ఉన్నా, ఇది ఏ సిస్టమ్‌లోనైనా ప్రొఫైల్ లోపలే ఉంటుంది. క్యాష్ ఖాళీ చేసినా డిస్క్ ఖాళీ కావడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

మొదటి అడుగు: బ్రౌజర్‌నే అడగండి

ఫోల్డర్లు తవ్వే ముందు బ్రౌజర్ ఏం చెబుతుందో చూడండి.

ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో చాలా సాయం చేస్తుంది. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో అబౌట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ప్రొఫైల్స్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ప్రతి ప్రొఫైల్ కింద రెండు చిరునామాలు కనిపిస్తాయి. రూట్ డైరెక్టరీ అన్నది మీ అసలు ప్రొఫైల్. దాన్ని ముట్టుకోవద్దు. లోకల్ డైరెక్టరీ అన్నది క్యాష్ ఉండే చోటు. పక్కనే ఫోల్డర్ తెరిచే బటన్ ఉంటుంది. ఏ సిస్టమ్ అయినా ఈ ఒక్క పేజీతో పని అయిపోతుంది.

అదే పద్ధతిలో అబౌట్, కోలన్, క్యాష్ అని కొడితే ఇంకో పేజీ వస్తుంది. మెమరీలో ఎంత ఉంది, డిస్క్‌లో ఎంత ఉంది, గరిష్ఠ పరిమితి ఎంత, ఫోల్డర్ ఎక్కడుంది అన్నీ అందులో ఉంటాయి. ఆ చిరునామాను ఒక కాగితం మీద రాసుకోండి, చివర్లో పనికొస్తుంది.

క్రోమ్‌లో అడ్రస్ బార్‌లో క్రోమ్ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత వెర్షన్ అని కొట్టండి. ప్రొఫైల్ పాత్ అనే వరుస కనిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త. ఇది ప్రొఫైల్ చిరునామా. విండోస్‌లో క్యాష్ దీని లోపలే ఉంటుంది. మ్యాక్‌లో, లైనక్స్‌లో ఇక్కడ ఉండదు. ఎడ్జ్ కూడా క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీదే తయారైంది కాబట్టి దానికీ ఇదే పద్ధతి. మొదట క్రోమ్ అన్నచోట ఎడ్జ్ అని రాస్తే సరి.

రెండో అడుగు: ఫోల్డర్ దాకా వెళ్లి చూడండి

విండోస్ వాళ్లు కాస్త నిదానంగా చదవండి. ప్రమాదం ఎక్కువ ఉన్నది ఇక్కడే.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చే చిన్న పెట్టెలో పర్సంటేజ్ గుర్తు, లోకల్‌యాప్‌డేటా అన్నది ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో, మళ్లీ పర్సంటేజ్ గుర్తు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. యాప్‌డేటా కింద ఉండే లోకల్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి దారి ఇది: గూగుల్ → క్రోమ్ → యూజర్ డేటా → డిఫాల్ట్ → క్యాష్ → క్యాష్ డేటా. ఎడ్జ్ అయితే మైక్రోసాఫ్ట్ → ఎడ్జ్ → యూజర్ డేటా, ఆ తర్వాత అంతా అలాగే. క్రోమ్‌లో రెండు మూడు అకౌంట్లు వాడేవాళ్లకు డిఫాల్ట్ పక్కన ప్రొఫైల్ 1, ప్రొఫైల్ 2 అని కూడా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో క్యాష్.

ఇప్పుడు డిఫాల్ట్ ఫోల్డర్‌లో చుట్టూ చూడండి. క్యాష్ ఫోల్డర్ పక్కనే బుక్‌మార్క్స్, హిస్టరీ, లాగిన్ డేటా అనే ఫైళ్లు ఉంటాయి. బీరువాలో ఒకే అరలో చిత్తుకాగితాలూ, పట్టాదారు పాస్‌బుక్కూ కలిపి పెట్టినట్టు. మా తమ్ముడు తీసేసింది ఈ అర మొత్తాన్ని.

ఫైర్‌ఫాక్స్ విండోస్‌లో కూడా రెంటినీ విడగొట్టింది. ప్రొఫైల్ యాప్‌డేటాలోని రోమింగ్ కింద ఉంటుంది, క్యాష్ మాత్రం లోకల్ → మొజిల్లా → ఫైర్‌ఫాక్స్ → ప్రొఫైల్స్ కింద క్యాష్2 అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఈ రెండు పేర్ల వెనక ఒక కారణం ఉంది. పెద్ద ఆఫీసుల్లో ఒక ఉద్యోగి ఏ కంప్యూటర్‌లో లాగిన్ అయినా తన సెట్టింగులు వచ్చేలా ఏర్పాటు చేస్తారు. అప్పుడు రోమింగ్‌లో ఉన్నది సర్వర్ నుంచి ఆ కంప్యూటర్‌కు కాపీ అవుతుంది, లోకల్‌లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. వందల ఎంబీల క్యాష్ ప్రతి లాగిన్‌కూ నెట్‌వర్క్ మీద అటూ ఇటూ తిరగకూడదు కదా. అందుకే ఏ బ్రౌజర్ అయినా క్యాష్‌ను లోకల్‌లోనే ఉంచుతుంది.

విండోస్ గురించి ఇంకో మాట. డిస్క్ క్లీనప్‌లో టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్ అని ఒక వరుస కనిపిస్తుంది. దానికి టిక్ పెడితే క్రోమ్ క్యాష్ పోతుందని చాలామంది నమ్మకం. పోదు. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలం నుంచి వస్తున్న వేరే ఫోల్డర్‌కు సంబంధించింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ క్యాష్ దాని పరిధిలోకి రావు.

మ్యాక్‌లో పని సులువు. ఫైండర్ తెరిచి, గో మెనూ మీద క్లిక్ చేసి, ఆప్షన్ కీ నొక్కి పట్టుకోండి. అప్పటిదాకా కనిపించని లైబ్రరీ అనే పేరు ప్రత్యక్షమవుతుంది. అందులో క్యాషెస్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తే గూగుల్ → క్రోమ్ → డిఫాల్ట్ → క్యాష్ కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ కూడా అక్కడే, తన పేరుతో ఉంటుంది. ప్రొఫైళ్లు మాత్రం లైబ్రరీలోనే అప్లికేషన్ సపోర్ట్ అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. పోయినా పర్వాలేదనుకున్నవి ఒక చోట, పోకూడనివి ఇంకో చోట పెట్టమని ఆపిల్ డెవలపర్లకు చెబుతుంది. టైమ్ మెషిన్ బ్యాకప్ తీసేటప్పుడు క్యాషెస్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది కూడా.

సఫారీ ఒక్కటి దారి తప్పిస్తుంది. కొత్త మ్యాక్‌లలో అది తన క్యాష్‌ను మామూలు క్యాషెస్ ఫోల్డర్‌లో కాకుండా, లైబ్రరీలోని కంటైనర్స్ కింద తనకు కేటాయించిన గదిలో ఉంచుతుంది. మిగతా యాప్‌లు దానిలోకి తొంగిచూడకుండా సిస్టమ్ కాపలా కాస్తుంది. మీరూ అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు, సఫారీ మెనూలోనే దీనికి ఉపాయం ఉంది, కింద చెబుతాను.

లైనక్స్‌లో హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, హెచ్ నొక్కండి. చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. చుక్క క్యాష్ అనే ఫోల్డర్‌లో గూగుల్-క్రోమ్, క్రోమియం, మొజిల్లా అని వేటికవి ఉంటాయి. క్రోమ్ ప్రొఫైల్ చుక్క కాన్ఫిగ్ అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది. ఇది ఒక కంపెనీ పెట్టిన నియమం కాదు. ఎక్స్‌డీజీ అనే ఉమ్మడి ఒప్పందం ప్రకారం లైనక్స్ డెస్క్‌టాప్ యాప్‌లు పాటించే పద్ధతి. క్యాష్ చోటును ఒకే ఒక్క సెట్టింగ్‌తో మార్చుకునే వీలు కూడా ఈ ఒప్పందమే ఇచ్చింది.

కానీ ఉబుంటు వాళ్లు చుక్క క్యాష్‌లో ఫైర్‌ఫాక్స్ కోసం వెతికి, కనిపించక తికమకపడుతుంటారు. ఉబుంటు 21.10 నుంచి ఫైర్‌ఫాక్స్ మామూలుగా స్నాప్ ప్యాకేజీగా (యాప్‌ను తన సొంత గదిలో విడిగా ఉంచే ఇన్‌స్టాల్ పద్ధతి) వస్తోంది. దాని క్యాష్ హోమ్ ఫోల్డర్‌లోని స్నాప్ → ఫైర్‌ఫాక్స్ → కామన్ లోపల ఉండే చుక్క క్యాష్‌లో ఉంటుంది. అలాంటిదే ఇంకో పద్ధతైన ఫ్లాట్‌ప్యాక్‌గా పెట్టుకుంటే హోమ్‌లో చుక్క వార్ → యాప్ కింద, ఆ యాప్ పూర్తి పేరున్న ఫోల్డర్‌లో ఉంటుంది. అంటే ఒకే మెషిన్‌లో, ఒకే బ్రౌజర్‌కు, దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేశారన్నదాన్ని బట్టి మూడు చిరునామాలు. మొదటి అడుగులో బ్రౌజర్‌నే అడగమన్నది ఇందుకే.

మూడో అడుగు: లోపల ఏముందో చూసి, కొలవండి

క్యాష్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఫొటోలు, పేజీలు మామూలు పేర్లతో కనిపిస్తాయని ఆశపడొద్దు. ఇక్కడా సిస్టమ్‌ల మధ్య తేడా ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

విండోస్‌లో క్రోమ్ చాలాకాలంగా వాడుతున్న పద్ధతిలో ఇండెక్స్ అని ఒక ఫైలు, డేటా_0 నుంచి డేటా_3 దాకా నాలుగు ఫైళ్లు ఉంటాయి. చిన్న చిన్న ముక్కలన్నీ ఈ నాలుగింట్లోకే సర్దుకుంటాయి. 16 కేబీ దాటిన వస్తువులకు మాత్రం ఎఫ్ అక్షరంతో మొదలయ్యే విడి ఫైళ్లు పుడతాయి. లైనక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో అదే క్రోమ్ వేరే పద్ధతి వాడుతుంది. ఒక్కో వస్తువుకు ఒక్కో ఫైలు, పేరు 16 అంకెలు, అక్షరాల కలగలుపు, చివర అండర్‌స్కోర్, సున్నా.

రెంటికీ లాభనష్టాలు ఉన్నాయి. వేలకొద్దీ చిన్న ఫైళ్లను తెరవడం, మూయడం లైనక్స్‌కు తేలిక. విండోస్‌లో ప్రతి ఫైలు తెరిచినప్పుడూ యాంటీవైరస్ కూడా ఒక చూపు చూస్తుంది కాబట్టి ఆ పని బరువు. అక్కడ కొన్ని పెద్ద ఫైళ్లలోకి సర్దుకోవడం కలిసొస్తుంది. కానీ అలా సర్దినప్పుడు హఠాత్తుగా కరెంటు పోయి ఇండెక్స్ పాడైతే, క్రోమ్ ఆ క్యాష్ మొత్తాన్ని పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. విడివిడి ఫైళ్ల పద్ధతిలో పాడైన ఆ ఒక్క ఫైలే పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు కోత తర్వాత బ్రౌజర్ కాసేపు బద్ధకంగా అనిపిస్తే కారణం ఇది కూడా కావచ్చు.

ఫైర్‌ఫాక్స్ అన్ని డెస్క్‌టాప్ సిస్టమ్‌లలో ఒకే పద్ధతి పాటిస్తుంది. క్యాష్2 లోపల ఎంట్రీస్ అనే ఫోల్డర్, అందులో 40 అక్షరాల పేర్లున్న ఫైళ్లు. 2014లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 32 నుంచి ఇదే నడుస్తోంది.

ఇక కొలవడం. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, మ్యాక్‌లో ఫోల్డర్‌ను ఎంచుకుని కమాండ్, ఐ. లైనక్స్‌లో డిస్క్ యూసేజ్ అనలైజర్ అనే యాప్ బొమ్మ గీసి మరీ చూపిస్తుంది. విండోస్ సైజ్ అని ఒక సంఖ్య, సైజ్ ఆన్ డిస్క్ అని ఇంకో సంఖ్య చూపిస్తుంది. మీ డిస్క్‌లో నిజంగా ఆక్రమించింది రెండోది. డిస్క్ స్థలం మామూలుగా 4 కేబీ గళ్లుగా ఉంటుంది. 5 కేబీ ఫైలుకు రెండు గళ్లు, అంటే 8 కేబీ పోతుంది. చిన్న ఫైళ్లు ఎక్కువైనకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

కొలిచిన సంఖ్య కొన్ని వందల ఎంబీలో, ఒక జీబీకి అటూ ఇటూనో ఉంటే టెన్షన్ పడొద్దు. క్రోమ్ మీ డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూసి తన పరిమితి తానే లెక్కేసుకుంటుంది, నిండితే పాతవాటిని తానే తీసేస్తుంది. అలాగే టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర క్యాష్డ్ అనో, మ్యాక్ యాక్టివిటీ మానిటర్‌లో క్యాష్డ్ ఫైల్స్ అనో, లైనక్స్‌లో బఫ్ క్యాష్ అనో పెద్ద సంఖ్య కనిపిస్తే అది బ్రౌజర్‌ది కాదు. ఇటీవల చదివిన ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమే ర్యామ్‌లో ఉంచుకుంటుంది, వేరే యాప్‌కు అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. బ్రౌజర్ డిస్క్ క్యాష్ నుంచి చదివానన్నప్పుడు కూడా చాలాసార్లు ఆ ఫైలు నిజానికి ర్యామ్ నుంచే వస్తుంది.

నాలుగో అడుగు: నిజంగా ఖాళీ చేయాలా?

క్యాష్ ఖాళీ చేయాలనుకునేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఒకే పేజీ కొత్తగా కనిపించడం. పరీక్ష ఫలితాల రోజు పేజీ పాతదే చూపిస్తోందనో, తాము చేసిన వెబ్‌సైట్‌లో మార్పులు కనిపించడం లేదనో మొత్తం క్యాష్ తుడిచేస్తారు. అవసరం లేదు. ఆ పేజీలో ఉండగా విండోస్, లైనక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కండి. మ్యాక్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు కమాండ్, షిఫ్ట్, ఆర్. సఫారీకి కమాండ్, ఆప్షన్, ఆర్. ఆ పేజీ వరకు క్యాష్‌ను పక్కనపెట్టి సర్వర్ నుంచి కొత్తగా తెస్తుంది.

వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిసేబుల్ క్యాష్‌కు టిక్ పెట్టుకోవచ్చు. ఆ టూల్స్ తెరిచి ఉన్నంతసేపే అది పనిచేస్తుందని గుర్తుంచుకోండి. అదే ట్యాబ్‌లో సైజ్ వరుసలో ఏది డిస్క్ క్యాష్ నుంచి వచ్చిందో, ఏది మెమరీ క్యాష్ నుంచి వచ్చిందో కూడా క్రోమ్ చూపిస్తుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడటం ఇంకో పద్ధతి. దాని క్యాష్ మెమరీలోనే ఉంటుంది, డిస్క్‌లో ఉన్న పాత కాపీ దానికి అడ్డురాదు.

రోజూ క్యాష్ తుడిచే క్లీనర్ యాప్‌లు పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ముఖ్యంగా మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లు. తుడిచిందంతా మళ్లీ మీ డేటాతోనే దిగాలి.

ఐదో అడుగు: ఖాళీ చేయడం

మెనూ నుంచి చేయడమే మేలు. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కండి. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్. క్రోమ్‌లో క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్ అన్నదానికి మాత్రమే టిక్ ఉంచండి. ఫైర్‌ఫాక్స్‌లో టెంపరరీ క్యాష్డ్ ఫైల్స్ అని ఉంటుంది. కుకీల వరుసకు ముందే టిక్ పెట్టి ఉండొచ్చు, దాన్ని తీసేయండి. లేదంటే అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయిపోతారు. సమయం దగ్గర ఆల్ టైమ్ (ఫైర్‌ఫాక్స్‌లో ఎవ్రీథింగ్) ఎంచుకుని బటన్ నొక్కండి. సఫారీలో అయితే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి డెవలప్ మెనూ కనిపించేలా పెట్టుకుని, అందులో ఎంప్టీ క్యాషెస్ నొక్కితే క్యాష్ మాత్రమే పోతుంది. హిస్టరీ మెనూలోని క్లియర్ హిస్టరీ నొక్కితే కుకీలు కూడా పోతాయి.

కొన్నిసార్లు బ్రౌజరే తెరుచుకోదు, అప్పుడు ఫోల్డర్ నుంచి చేయక తప్పదు. ముందు బ్రౌజర్‌ను పూర్తిగా మూయండి. మ్యాక్‌లో ఎర్ర బటన్ నొక్కితే కిటికీ మూసుకుంటుందే కానీ బ్రౌజర్ ఆగదు. కమాండ్, క్యూ నొక్కాలి. విండోస్‌లో కిటికీలన్నీ మూసినా క్రోమ్ వెనకాల నడుస్తూ ఉండొచ్చు. గడియారం దగ్గర దాని గుర్తు ఉంటే రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ ఇవ్వండి.

మూయకుండా డిలీట్ చేస్తే ఏమవుతుంది? విండోస్ ఒప్పుకోదు. ఫైలు వాడుకలో ఉందని చెప్పి ఆపేస్తుంది. కొన్ని పోయి, కొన్ని మిగిలి, సగం సగంగా తయారవుతుంది. మ్యాక్, లైనక్స్ మాత్రం మారు మాట్లాడకుండా డిలీట్ చేసేస్తాయి. కానీ బ్రౌజర్ ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, పేరు మాత్రమే మాయమవుతుంది, స్థలం ఖాళీ కాదు. బ్రౌజర్ దాన్ని వదిలిన తర్వాతే డిస్క్‌లో ఆ చోటు తిరిగి వస్తుంది. డిలీట్ చేశాను, ఫోల్డర్ కూడా లేదు, అయినా ఫ్రీ స్పేస్ పెరగలేదేంటి అని లైనక్స్ వాళ్లు అడిగినప్పుడు నేను చెప్పే జవాబు ఒక్కటే, బ్రౌజర్ మూసి మళ్లీ చూడండి.

విండోస్‌లో డిలీట్ చేయాల్సింది డిఫాల్ట్ లోపలి క్యాష్ ఫోల్డర్‌ను, దాని పక్కనున్న కోడ్ క్యాష్‌ను (స్క్రిప్టుల కోసం క్రోమ్ ఉంచుకునే మరో క్యాష్) మాత్రమే. డిఫాల్ట్‌ను కాదు, యూజర్ డేటాను అసలే కాదు. భయంగా ఉంటే డిలీట్ చేయకుండా ఆ ఫోల్డర్ పేరు చివర పాత అని చేర్చి, బ్రౌజర్ తెరవండి. కొత్త క్యాష్ ఫోల్డర్ దానంతటదే పుడుతుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఉన్నాయని చూసుకున్నాక పాతదాన్ని తీసేయండి.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఫోల్డర్ మీకు మామూలుగా కనిపించదు. సెట్టింగ్స్ → యాప్స్ → క్రోమ్ → స్టోరేజ్‌కు వెళ్తే రెండు బటన్లు ఉంటాయి. క్లియర్ క్యాష్ నొక్కొచ్చు. పక్కనున్న క్లియర్ స్టోరేజ్ లేదా క్లియర్ డేటా జోలికి వెళ్లొద్దు, అది ప్రొఫైల్‌ను తుడిచేస్తుంది. అసలు ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ క్యాష్‌కూ సిస్టమ్ ఒక కోటా లెక్క ఉంచుతుంది. స్థలం తగ్గినప్పుడు కోటా మించిన యాప్‌ల క్యాష్‌ను ముందుగా అదే తీసేస్తుంది.

ఐఫోన్‌లో క్రోమ్ వంటి యాప్‌లకు సెట్టింగ్స్‌లో క్లియర్ క్యాష్ అనే బటనే లేదు. ఆ బ్రౌజర్ లోపలి మెనూ నుంచే చేయాలి. ఆఫ్‌లోడ్ యాప్ అన్నది నొక్కితే యాప్ పోతుంది, దాని డేటా అలాగే ఉంటుంది.

ఆరో అడుగు: క్యాష్‌ను ఇంకో చోటికి మార్చడం

ఇది అందరికీ కాదు. సి డ్రైవ్ చిన్నదై ఇంకో డ్రైవ్‌లో చోటున్నవాళ్లకు, కాలేజీ ల్యాబులు చూసుకునేవాళ్లకు.

ల్యాబుల సంగతి అనుభవం మీద చెబుతున్నాను. ఒక కాలేజీ లైనక్స్ ల్యాబ్‌లో విద్యార్థుల హోమ్ ఫోల్డర్లు నెట్‌వర్క్ మీద సర్వర్‌లో ఉండేవి, ఒక్కొక్కరికి చిన్న కోటా. బ్రౌజర్ క్యాష్ ఆ కోటాను తినేసేది. నిండిన మర్నాడు పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా డెస్క్‌టాప్ వచ్చేది కాదు, ఎందుకంటే లాగిన్ సమయంలో రాయాల్సిన చిన్న ఫైలుకు కూడా చోటు ఉండేది కాదు. పిల్లలు తమ తప్పేమిటో తెలియక నిలబడిపోయేవాళ్లు. పైగా ప్రతి చిన్న బొమ్మా సర్వర్ దాకా వెళ్లి రావడంతో, దగ్గరున్న డిస్క్ నుంచి రావాల్సిన వేగం కూడా పోయేది. లైనక్స్‌లో దీనికి ఎక్స్‌డీజీ క్యాష్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (యాప్‌లు తెరుచుకునేటప్పుడు చదివే సిస్టమ్ సెట్టింగ్) ఉంది. లాగిన్ స్క్రిప్టులో దానికి ఆ మెషిన్ లోకల్ డిస్క్‌లో విద్యార్థి పేరుతో ఉన్న ఒక ఫోల్డర్‌ను ఇస్తే చాలు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్కడికి మారతాయి. ఆ ఫోల్డర్ అనుమతులు 700గా పెట్టండి, ఒకరి క్యాష్ ఇంకొకరు చదవకుండా.

విండోస్‌లో క్రోమ్‌కైతే డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టార్గెట్ అనే గడి. అక్కడున్న వాక్యం చివర కోట్ తర్వాత ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు, డిస్క్ హైఫన్ క్యాష్ హైఫన్ డీ ఐ ఆర్, సమానం గుర్తు, ఆ తర్వాత కొత్త ఫోల్డర్ చిరునామా రాయండి. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఫోల్డర్ పేరులోనే ఖాళీ ఉంటే ఆ చిరునామాకు కోట్‌లు పెట్టండి. పరిమితి కూడా పెట్టాలంటే మళ్లీ ఒక ఖాళీ వదిలి, డీ ఐ ఆర్ బదులు సైజ్ అని, బైట్లలో సంఖ్య ఇవ్వాలి. 200 ఎంబీకి 209715200. ఈ మార్పు ఆ షార్ట్‌కట్ నుంచి తెరిచినప్పుడే వర్తిస్తుంది. క్రోమ్ మూసి ఉన్నప్పుడు మెయిల్ యాప్‌లోని లింక్ నొక్కి తెరిస్తే పాత చోటుకే వెళ్తుంది. ల్యాబ్ మొత్తానికి కావాలంటే డిస్క్ క్యాష్ డైరెక్టరీ అనే క్రోమ్ పాలసీని వాడటం మంచిది.

ఫైర్‌ఫాక్స్‌కు అబౌట్, కోలన్, కాన్ఫిగ్ పేజీ తెరవండి. బ్రౌజర్, క్యాష్, డిస్క్, పేరెంట్ అండర్‌స్కోర్ డైరెక్టరీ అన్న నాలుగు మాటలను చుక్కలతో కలిపి వెతకండి. ఆ పేరు లేకపోతే స్ట్రింగ్‌గా ఎంచుకుని కొత్తగా సృష్టించి, మీ ఫోల్డర్ చిరునామా ఇవ్వండి. ఇది మూడు సిస్టమ్‌లలోనూ ఒకేలా పనిచేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌ను మూసి తెరిచాక మొదటి అడుగులో చూసిన అబౌట్ క్యాష్ పేజీకి వెళ్లండి. అక్కడ కొత్త చిరునామా కనిపించాలి, రెండు మూడు సైట్లు తిరిగితే ఎంట్రీల సంఖ్య పెరుగుతుండాలి. రెండూ సరిగ్గా ఉంటే, అప్పుడు మీరు కాగితం మీద రాసుకున్న పాత చిరునామాకు వెళ్లి క్యాష్2 ఫోల్డర్‌ను తీసేయండి.